ఐరిష్ పల్లె చరిత్రను నమోదు చేయడం: సమాధి రాళ్ల నుంచి పెద్దల మాటల దాకా

ఐర్లండ్‌లో ఒక పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లకు, చరిత్ర సంఘం పెట్టగానే సాధారణంగా వస్తువులు వచ్చి పడతాయి. వెన్న చిలికిన పీపా, గుర్రపు జీను, ఎవరో చనిపోయిన ఇంట్లోంచి తెచ్చిన టిన్ను డబ్బా నిండా ఫోటోలు, అన్నీ పారిష్ హాలు వెనక గదిలోకి చేరతాయి. రెండు చలికాలాలు గడిచేసరికి చెమ్మకు ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఏది ఎవరిచ్చారో ఎవరికీ గుర్తుండదు. పీపా ఇంకో పదేళ్లు ఆగుతుంది. ఆగనివి రెండు: రాళ్ల మీద అరిగిపోతున్న అక్షరాలు, ఎనభై దాటినవాళ్ల జ్ఞాపకాలు. ఏది ముందు పోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి. కింది క్రమం ఆ లెక్కన పెట్టిందే.

అక్కడి చిన్న ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇలాంటి సంఘాల్లో చేరడానికి "మన ఊరు కాదుగా" అని జంకుతుంటారు. ఈ పనిలో కొత్తవాళ్లకే ఒక సౌకర్యం ఉంది. ఊరివాడు అడిగితే పెద్దాయన "నీకు తెలిసిందేగా" అని దాటేస్తాడు. మీరు అడిగితే పాలు క్రీమరీకి ఎలా తోలేవారో, ఇంట్లో జరిగే స్టేషన్ మాస్ ప్రార్థన అంటే ఏమిటో మొదటి నుంచీ చెప్తాడు. రికార్డింగుకు కావలసింది అదే.

1. ముందు అనుమతులు

సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, రెండు పేజీల నియమావళి, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా చాలు. కౌంటీలోని పబ్లిక్ పార్టిసిపేషన్ నెట్‌వర్క్ అనే స్థానిక సంఘాల వేదికలో పేరు నమోదు చేయించండి. పబ్లిక్ లయబిలిటీ బీమా లేకుండా జనాన్ని పాత సమాధుల తోటలోకి తీసుకెళ్లకండి. గడ్డిలో కూలిన రాయి తగిలి ఎవరికైనా కాలు విరిగితే సంఘం అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత కౌంటీ కౌన్సిల్‌లోని హెరిటేజ్ ఆఫీసర్‌ని కలవండి. హెరిటేజ్ కౌన్సిల్ ఇచ్చే కమ్యూనిటీ హెరిటేజ్ గ్రాంటు, కౌంటీ కౌన్సిల్ ద్వారా వచ్చే కమ్యూనిటీ మాన్యుమెంట్స్ ఫండ్ గురించి అక్కడే తెలుస్తుంది. స్థల యజమాని అనుమతి లేఖ, కొటేషన్లు ముందే చేతిలో ఉంచుకుంటే గడువు దగ్గరపడ్డాక పరుగులు ఉండవు.

స్థలం ఎవరిదో ఊహించకండి. 1869 చట్టంతో చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రొటెస్టెంట్ చర్చి ప్రభుత్వ మతం హోదా కోల్పోయాక, వాడకంలో లేని పాత చర్చి ఆవరణలు చాలావరకు స్థానిక సంస్థల చేతికి వచ్చాయి. శిథిల చర్చి చుట్టూ కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ పక్కపక్కనే ఉన్న తోట కనిపిస్తే అది కౌంటీ కౌన్సిల్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. నమోదైన స్మారకం దగ్గర పని చేయాలంటే రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలన్నది జాతీయ స్మారకాల చట్టానికి 1994 లో వచ్చిన సవరణ పెట్టిన నియమం. 2023 లో వచ్చిన కొత్త చట్టం విడతలవారీగా అమల్లోకి వస్తోంది కాబట్టి మీరు మొదలుపెట్టే నాటికి ఏది వర్తిస్తుందో హెరిటేజ్ ఆఫీసర్‌ని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఫోటో తీయడం, చదివి రాసుకోవడం వేరు. తవ్వడం, రాయి లేపడం, పొదలు పెకలించడం వేరు. మెటల్ డిటెక్టర్‌ని మాత్రం గేటు దాటనివ్వకండి. పాత వస్తువేదైనా దొరికితే 96 గంటల్లోపు నేషనల్ మ్యూజియంకు తెలియజేయాలి.

2. రాళ్ల దగ్గరికి వెళ్లే ముందు చదవాల్సినవి

1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల్లో కొన్ని ముక్కలు తప్ప మిగతాదంతా అందులో పోయింది. 1861 నుంచి 1891 వరకు జరిగిన నాలుగింటినీ అంతకుముందే ప్రభుత్వమే పారేసింది. అందరి జనన మరణాలనూ ప్రభుత్వం నమోదు చేయడం 1864 లో మొదలైంది. అంతకుముందు బతికిన ఒక రైతు కుటుంబానికి సమాధి రాయి తప్ప ఇంకే ఆధారమూ లేకపోవచ్చు. రాయి మీద ఒక్క అంకె తప్పు చదివినా, దాన్ని సరిదిద్దే కాగితం ఇంకోచోట ఉంటుందన్న భరోసా లేదు.

ఆ లోటును కొంత పూడ్చేవి ఇవి: చర్చికి రైతులు కట్టాల్సిన దశమభాగం పన్ను గురించి 1823–1838 మధ్య రాసిన పుస్తకాలు, భూములకూ ఇళ్లకూ విలువ కట్టిన 1847–1864 నాటి గ్రిఫిత్ వాల్యుయేషన్, 1901, 1911 జనగణనలు, ఎక్కువగా 1880 దాకా ఉన్న కాథలిక్ పారిష్ రిజిస్టర్లు. అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పారిష్‌లో ఉన్న ఇంటిపేర్లన్నీ, టౌన్‌ల్యాండ్లన్నీ ఒక జాబితాగా రాసుకుని తోటలోకి తీసుకెళ్లండి. సగం అరిగిన అక్షరాలను పోల్చుకోవడానికి అదే ఆసరా.

టౌన్‌ల్యాండ్ అంటే ఐర్లండ్ భూమి లెక్కలో అతిచిన్న విభాగం. దేశం మొత్తం మీద 60,000 కు పైగా ఉన్నాయి. ప్రతి ఫోటో, ప్రతి రికార్డింగ్, ప్రతి కాగితం ఏదో ఒక టౌన్‌ల్యాండ్ పేరుకు ముడిపడాలి, లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వెతికినా దొరకదు. వాటి హద్దులకు 1824 లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వే వారి, మైలుకు ఆరంగుళాల కొలతతో గీసిన పటం చూడండి. ఆ సర్వే నడిపిన కర్నల్ కాల్బీ చేయించిన లోహపు కొలత పట్టీల పద్ధతినే సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్ భారతదేశానికి తీసుకెళ్లాడు. 1841 లో బీదర్ దగ్గర ఆధార రేఖను కొలిచింది ఆ పద్ధతిలోనే. పేర్ల అధికారిక రూపానికి లొగనిమ్ డేటాబేస్ ఉంది. పేరుకు అర్థం మాత్రం మీరు చెప్పబోకండి, అక్కడ ఉన్నదే రాయండి.

3. సమాధుల తోట

*ఎప్పుడు వెళ్లాలి.* ఫిబ్రవరి మంచి నెల. గడ్డి పొట్టిగా ఉంటుంది, పొట్టి రాళ్లు బయటికి కనిపిస్తాయి. వన్యప్రాణి చట్టం ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొదలు, కంచెలు కొట్టకూడదు, పక్షులు గూళ్లు పెట్టే కాలం అది. అనుమతించిన కోత ఏదైనా ఫిబ్రవరి ఆఖరులోపు ముగించి, చదివే పని మార్చిలోకి జరుపుకున్నా ఇబ్బంది లేదు.

*ఏం చేయకూడదు.* ఈ జాబితా గేటు దగ్గరే అందరికీ చదివి వినిపించండి. వైరు బ్రష్, బ్లీచ్, ప్రెషర్ వాషర్ వద్దు. సుద్ద, పిండి, షేవింగ్ క్రీము పూసి అక్షరాలు తేల్చే అలవాటు ఇంకా ఉంది, అదీ వద్దు. వాటి అవశేషం రాతి రంధ్రాల్లో ఉండిపోయి తర్వాత పాచి పట్టడానికి దారి చేస్తుంది. లైకెన్ మచ్చలను గీకితే దానితోపాటు రాతి పైపొర వస్తుంది, పోయిన పొర మీదే అక్షరం ఉంటుంది. ఐవీ తీగను లాగకండి. దాని వేర్లు గోడ సందుల్లో సున్నం స్థానంలో నిలబడి ఉంటాయి, లాగితే గోడే వస్తుంది. కలుపు మందు కొడితే గడ్డి వేర్లు చచ్చి, వర్షానికి మట్టి కరిగి, రాళ్లు ఒరుగుతాయి. స్ట్రిమ్మర్ నైలాన్ తీగ మెత్తటి సున్నపురాయి అంచును ఒక్క సీజన్లోనే కోసేస్తుంది, కాబట్టి రాయి చుట్టూ ఒక జానెడు గడ్డిని కత్తెరతో కోయండి.

అక్షరాలేమీ లేని చిన్న చిన్న రాళ్లు నేలలో గుచ్చి ఉంటాయి. గడ్డి మిషన్‌కు అడ్డమొస్తున్నాయని వాటిని ఏరి గోడ వారన పోసిన తోటలున్నాయి. అవన్నీ సమాధులు, చెక్కించే స్తోమత లేనివాళ్లవి. 1845–52 కరువునాటివీ వాటిలో ఉండొచ్చు. కదల్చకండి, వాటికీ ఒక్కో నంబరు ఇవ్వండి. తెల్ల పలుగురాళ్లు కనిపించినా తీయకండి, సమాధి మీద కావాలని పెట్టినవి కావచ్చు. నామకరణం కాకముందే పోయిన శిశువులను పాతిన కిలీన్ అనే చోట్లు చాలావరకు పొలాల మధ్య, మామూలు రాళ్ల గుంపులా ఉంటాయి. వాటి గురించి ఊళ్లో అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగండి. అక్కడ పాతిన బిడ్డ తోబుట్టువులు ఇంకా బతికుండవచ్చు.

*పటం.* ఫోన్‌లోని జీపీఎస్ మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పాత తోటలో సమాధుల మధ్య దూరం మీటరే ఉండొచ్చు. అందుకని జీపీఎస్ తోట గేటుకు పనికొస్తుంది గానీ రాయికి కాదు. 30 మీటర్ల టేపు రెండు తెచ్చి, ఒకటి చర్చి గోడ వెంట ఆధార రేఖగా పరచి, రెండోది దానికి లంబంగా పట్టుకుని ప్రతి రాయినీ గ్రాఫ్ కాగితం మీద 1:100 కొలతలో గుర్తించండి. సంఖ్యలు ఎప్పుడూ ఒకే మూల నుంచి, వరుస వెంట వరుసగా నడవాలి. రాయి మీద పెయింటు, స్టిక్కర్లు కూడదు. నంబరు కార్డు నేల మీద పెట్టి, ఎగిరిపోకుండా ఇంటి నుంచి తెచ్చిన చిన్న ఇసుక సంచీ ఉంచండి, సాయంత్రం అన్నీ ఏరేయండి.

తోట స్థానం రాసేటప్పుడు, పటం మీద చోటును మీటర్లలో చెప్పే రెండు పద్ధతుల అంకెలు, పాత ఐరిష్ గ్రిడ్‌వీ కొత్త ఐటీఎం (ఐరిష్ ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్) వీ, కలిసిపోకుండా చూసుకోవాలి. పాతదానికి మూలబిందువు 200000, 250000. కొత్తదానికి 600000, 750000. ఒక దాని అంకెను రెండో దాని గడిలో రాస్తే మీ తోట 400 కిలోమీటర్లు తూర్పుకో పడమరకో, 500 కిలోమీటర్లు ఉత్తరానికో దక్షిణానికో జరిగిపోతుంది. ఏ గ్రిడ్ అన్నది అంకె పక్కనే రాయండి.

*వెలుతురు.* అక్షరం చదవడంలో ముప్పాతిక వంతు వెలుతురే. ఐర్లండ్‌లో పాత సమాధి రాళ్లు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాయి. పొద్దున ఎండ నేరుగా మొహాన కొడుతుంది, నీడ పడక అక్షరాలు కనబడవు. సూర్యుడు సరిగ్గా దక్షిణానికి రావడానికి కాస్త ముందు వెలుతురు రాయిని పక్క నుంచి రాసుకుంటూ పోతుంది, అప్పుడు పావు మిల్లీమీటరు లోతున్న గీతకు కూడా నీడ పడుతుంది. ఐర్లండ్ పడమరగా ఉన్నందువల్ల అక్కడ మిట్టమధ్యాహ్నం గడియారంలో 12 కు రాదు. చలికాలంలో 12.30 ప్రాంతంలో, వేసవి సమయం నడిచే నెలల్లో 1.30 ప్రాంతంలో వస్తుంది. దానికి ముందు ముప్పావుగంటే అసలైన పనివేళ. భోజనాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇక మబ్బు రోజులు, అంటే అక్కడ చాలా రోజులు. రాయి మీద ముదురు రంగు దుప్పటి కప్పి లోపల చీకటి చేసి, టార్చిని రాతి అంచుకు ఆనించి పక్క నుంచి వెయ్యండి. ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, మూడు ఫోటోలు. నిలువు గీతలు పక్క వెలుతురుకు, అడ్డ గీతలు పై వెలుతురుకు తేలతాయి. ఒకే వైపు నుంచి తీస్తే 1 కీ 7 కీ తేడా దొరకదు.

*చదవడం.* ముగ్గురి బృందం పెట్టుకోండి: ఒకరు చదవాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫోటో, కొలతలు చూడాలి. రోజుకు 30 రాళ్లు అనుకుంటే నింపాదిగా సాగుతుంది. ప్రతి రాయికీ ఒక కాగితం. దాని మీద నంబరు, రకం (నిలువు రాయి, పరుపు రాయి, గోడలో పొదిగిన పలక), ఎత్తు వెడల్పు మందం సెంటీమీటర్లలో, రాతి జాతి, ముఖం ఏ దిక్కు, స్థితి, ఫోటో నంబర్లు, తేదీ, రాసినవాళ్ల పేర్లు. ఫోటో ఫైలు పేరుకు కౌంటీకి రెండక్షరాలు, తోటకు నాలుగక్షరాలు, రాయికి 0001 లాంటి నాలుగంకెలు పెట్టుకుంటే ఎక్కడికి పంపినా కలిసిపోవు.

రాతిమీద ఉన్నది ఉన్నట్టు రాయాలి. వరుస ముగిసిన చోట ఏటవాలు గీత, పోయిన అక్షరాలకు చదరపు బ్రాకెట్లు, అనుమానం ఉన్న అక్షరం పక్కన ప్రశ్నార్థకం. స్పెల్లింగు దిద్దకండి. ఇంటిపేరు ముందు "ఓ" ఉందా లేదా అన్నది, ఒకే రాయి మీద రెండు రకాలుగా ఉన్నా సరే, అలాగే రాయాలి. ఒకరు చదివింది చూడకుండా ఇంకొకరు విడిగా చదివి, తర్వాత రెండూ పోల్చండి. తేడా వచ్చిన రాళ్లకే మళ్లీ వెళ్లండి. ఎక్కువగా తప్పులు దొర్లేవి వయసుల్లో: 3, 5, 8 అరిగితే ఒకేలా కనిపిస్తాయి.

స్త్రీల పేర్ల దగ్గర జాగ్రత్త. భార్య పేరు తర్వాత "ఏలియాస్" అని ఇంకో ఇంటిపేరు ఉంటే అది మారుపేరు కాదు, పుట్టింటి ఇంటిపేరు. "రెలిక్ట్" అంటే భర్త పోయిన స్త్రీ. ఈ ఒక్క మాటతోనే భర్త ముందే పోయాడని తెలిసిపోతుంది. 1752 కు ముందు సంవత్సరం మార్చి 25 న మారేది. ఆనాటి రాయి మీద ఫిబ్రవరి 1740 అని ఉంటే మన లెక్కలో అది 1741 కావచ్చు. రాతలో 1740 అనే ఉంచి, పక్కన గమనికలో చెప్పండి.

4. పెద్దల మాటలు

రికార్డరు పట్టుకుని వెళ్లే ముందు ఆ పారిష్ బడి పిల్లలు ఏం రాశారో చదవండి. 1937–39 లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ 26 కౌంటీల్లో దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత ఇంటి పెద్దల నుంచి కథలు, వైద్యాలు, పాత రోడ్లు, బావులు, కరువు జ్ఞాపకాలు సేకరింపజేసింది. అదంతా దూకస్ సైటులో బడి పేరుతో వెతికితే వస్తుంది. మీరు కలవబోయే పెద్దావిడ తల్లో మేనమామో చిన్నప్పుడు రాసిన పేజీ అందులో దొరికితే, ప్రింటు తీసి తీసుకెళ్లండి. మాట దానంతటదే మొదలవుతుంది.

పరికరం ఖరీదు గురించి ఎక్కువ ఆలోచించొద్దు, గది గురించి ఆలోచించండి. వంటింట్లో కూర్చోబెడతారు. అక్కడ ఫ్రిజ్ గుంయ్‌మంటుంది, గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది. అడిగి ఫ్రిజ్ ఆపించి, మీ కారు తాళం చెవి అందులో పెట్టండి. తిరిగి ఆన్ చేయకుండా ఇల్లు దాటలేరు. కాలరు మైకు గడ్డానికి ఒక జానెడు కింద ఉండాలి, స్వెట్టర్ ఊలు రాసుకోకుండా. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు ఒక గిగాబైటు అవుతుంది. శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. నవ్వినప్పుడు ఎర్ర గీత తాకితే ఆ ముక్క బాగుచేయడం కుదరదు. మొదట మీ గొంతుతో తేదీ, టౌన్‌ల్యాండ్, ఇద్దరి పేర్లు చెప్పండి.

గంటన్నర దాటితే మనిషి అలసిపోతాడు. అప్పటికి ఆపేసి మళ్లీ రండి. "అవునండీ, ఆహా" అని మధ్యలో అనకండి, తల ఊపితే చాలు. టీ ఇస్తే కాదనకండి, కానీ తాగడం రికార్డింగ్ అయ్యాకే. కప్పు సాసర్ చప్పుడు మైకులో పళ్లెం విసిరినట్టు వినిపిస్తుంది. పేరు పెట్టి పిలవమంటే పిలవండి, అక్కడ అది అమర్యాద కాదు.

"పాత రోజులు ఎలా ఉండేవి?" అని అడిగితే "కష్టంగా" అని ఒక మాట వస్తుంది. చేతికి తగిలే ప్రశ్నలు వేయండి. మీ ఇంటికి కరెంటు ఏ ఏడు వచ్చింది? మొదట ఏ గదిలో బల్బు పెట్టారు? వద్దన్న ఇళ్లు ఉన్నాయా, ఎందుకు? గ్రామీణ విద్యుదీకరణ 1946 లో మొదలైనా కొన్ని ఊళ్లకు చాలా ఏళ్లకు గానీ చేరలేదు కాబట్టి, దీనికి జవాబు చెప్పగలవాళ్లు ఇంకా ఉన్నారు. నూర్పిళ్లకు ఎవరెవరు కలిసి వచ్చేవారు? మెహల్ అనే ఆ బదులు పనిలో ఎవరిని పిలవకపోతే కోపం వచ్చేది? టర్ఫ్ (పొయ్యిలోకి ఎండబెట్టే పీట్ మట్టి) ఏ బాగ్‌లో (చిత్తడి నేలలో) కోసేవారు, మీ వాటా హద్దు ఏది? ప్రతి పొలానికీ పేరుంటుంది, అది పటాల్లో చాలాసార్లు ఉండదు. పెద్ద పటం బల్ల మీద పరిచి, పొలం మీద వేలు పెట్టించి పేరు చెప్పించండి. మీత్ కౌంటీలో పొలాల పేర్లు ఇలా ఊరివాళ్లే తిరిగి సేకరించారు. రికార్డింగులో "ఇక్కడ, అక్కడ" అని వినిపిస్తే ఉపయోగం లేదు గనక, వేలు పెట్టిన చోటి నంబరు మీరు పైకి చదవాలి.

1922–23 అంతర్యుద్ధం, భూమి తగాదాలు, పెళ్లికాని తల్లులను పంపిన సంస్థలు: వీటిని మీరై ఎత్తకండి. వాళ్లే ఎత్తితే ఆపకండి. ముగిశాక సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. అందులో మూడు గళ్లు ఉండాలి: ఇప్పుడే వినిపించవచ్చు, నేను పోయాకే, ఫలానా ఏడు దాకా మూసి ఉంచాలి. బతికున్న మూడో మనిషి గురించి చెడుగా వచ్చిన ముక్కను అసలు ఫైలులో ఉంచి, బయట పెట్టే ప్రతిలోంచి తీసేయండి. డేటా రక్షణ చట్టం, పరువునష్టం రెండూ అక్కడే తగులుతాయి.

5. ఫోటోలు, కాగితాలు

అడగకుండా ఉంచుకోకండి. స్కాన్ చేసి అదే వారం తిరిగిచ్చే సంఘానికే రెండో డబ్బా వస్తుంది. ప్రింట్లు 600 డీపీఐ, టిఫ్ ఫార్మాట్. 35 మిల్లీమీటర్ల నెగటివ్ అయితే 2400 కు తగ్గకూడదు. వెనక రాసిన రాత కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర ఒక్కటే ఆధారమైన ఫోటోలుంటాయి. మీరు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున రాయండి. బాల్ పెన్ను గీత ముందు వైపు ఉబ్బుతుంది.

గుంపు ఫోటోలో మనుషులను గుర్తించడానికి పెద్ద ప్రింటు తీసి, ముఖాలకు నంబర్లు వేసి, ఇద్దరు పెద్దలకు వేరువేరుగా చూపించండి. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది.

6. ఎక్కడ పెట్టాలి

ఐర్లండ్‌లో కాగితానికి మొదటి శత్రువు చెమ్మ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది, 45–55 మధ్య ఉంచగలిగితే మేలు. ఇరవై యూరోల తేమ మీటరు కొని నెల రోజులు గదిలో వదిలి చూశాకే పెట్టెలు తెండి. అటక వద్దు, బయటి గోడకు ఆనించవద్దు, నేల మీద వద్దు. పెట్టెలు ఆమ్లం లేని అట్టవి, ఫోటోలకు పాలిస్టర్ కవర్లు. స్టేపుల్ పిన్నులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. లామినేషన్ చేయించిన కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేరు.

డిజిటల్ ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల మీడియాలో, ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊళ్లోది కార్యదర్శి అన్నగారి ఇంట్లో కాకుండా కౌంటీ లైబ్రరీ స్థానిక చరిత్ర విభాగంలో ఉండాలి. కార్యదర్శులు మారుతుంటారు, హార్డ్ డిస్కులు సొరుగుల్లో మిగిలిపోతాయి. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే నేషనల్ మ్యూజియం నడిపే ఐరిష్ కమ్యూనిటీ ఆర్కైవ్ నెట్‌వర్క్‌లో చేరే వీలుంది, సొంత సైటు అద్దె కట్టడం మరిచిపోయి అన్నీ పోగొట్టుకునే బాధ తప్పుతుంది.

సమాధి రాళ్ల జాబితా బయట పెట్టిన వారంలోపే అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో ఎవరో ఒకరు "మా ముత్తవ్వ వయసు తప్పు రాశారు" అని ఉత్తరం రాస్తారు. పాత పాఠాన్ని చెరిపేయకండి. రాయి ఫోటోలు మూడూ మళ్లీ చూసి, మీ చదువు మారితే కొత్తది పక్కన రాసి తేదీ వేయండి. రాయి మీద ఉన్నదీ కుటుంబం చెప్పేదీ వేరైతే రెండూ ఉంచండి, ఏది ఎవరు చెప్పారో రాయండి.